మ్యూరెన్ కొండదారుల మీద పరుగుకు సభ్యులను పంపుతున్న తెలుగు రన్నింగ్ క్లబ్బులకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి తదితర నగరాల్లో రన్నింగ్ క్లబ్బులు నడుపుతున్న నిర్వాహకులకు, కోచ్‌లకు,

నమస్కారం.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కాంటన్‌లో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) చాలా కాలంగా నివసిస్తూ, సెలవు దొరికినప్పుడల్లా లౌటర్‌బ్రున్నెన్ లోయ పైనున్న మ్యూరెన్ గ్రామం చుట్టుపక్కల కొండదారుల మీద పరుగెత్తే తెలుగువాడిగా ఈ లేఖ రాస్తున్నాను. కొన్నేళ్లుగా వేసవి నెలల్లో ఆ దారుల మీద తెలుగు మాటలు తరచుగా నా చెవిన పడుతున్నాయి. క్లబ్బు పేరు అచ్చువేసిన టీషర్టులు వేసుకుని పదిమంది, పదిహేనుమంది కలిసి వస్తున్నారు. యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే ఎత్తైన కొండ స్టేషన్‌కు రైలెక్కి, మంచులో ఫొటోలు దిగి, సాయంత్రానికల్లా మళ్లీ బస్సెక్కి వెళ్లిపోయే యాత్రలే ఇన్నాళ్లూ ఎక్కువగా చూశాను కనుక, ఒకే ఊళ్లో నాలుగు రోజులుండి ఆ కొండలను తమ కాళ్లతో తెలుసుకుందామని మనవాళ్లు రావడం నాకు ఎంతో సంతోషం కలిగిస్తోంది. అయితే వచ్చేవారిలో చాలామందికి ఇక్కడి దారుల గురించి ముందుగా ఎవరూ చెప్పడం లేదని కూడా చూస్తున్నాను. ఈ దారులు పరుగు కోసం వేసినవి కావు. పశువులను మేపేవారు, గడ్డి కోసేవారు, నడిచేవారు తమ అవసరానికి వేసుకుని, తమ కష్టంతో కాపాడుకుంటున్న దారులు. వాటి మీద మనం అతిథులం. అతిథులకు తగిన తయారీతో మీ సభ్యులను పంపించండని కోరడానికే ఈ లేఖ.

ముందుగా ఊరి సంగతి. మ్యూరెన్ సముద్రమట్టానికి సుమారు 1,640 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు కొండచరియ అంచున ఉన్న చిన్న ఊరు. పర్యాటకుల కార్లు ఊళ్లోకి రావు. లౌటర్‌బ్రున్నెన్ నుంచి కేబుల్‌కారులో గ్రూచాల్ప్ వరకు ఎక్కి, అక్కడి నుంచి 1891 నుంచి నడుస్తున్న చిన్న రైలులో వెళ్లాలి. లేదంటే లోయ చివరనున్న ష్టెకెల్‌బెర్గ్ వైపు నుంచి కేబుల్‌కారు ఉంది. ఏడాది పొడవునా అక్కడ ఉండేవారు కొన్ని వందల మంది మాత్రమే. లోయకు ఆవలి వైపు 3,967 మీటర్ల ఐగర్, దాని పక్కన మ్యోంక్, ఆ పక్కన 4,158 మీటర్ల యుంగ్‌ఫ్రావ్ ఎదురుగా నిలబడి ఉంటాయి. ఉదయం ఆరింటికి ఊరి వీధిలో నిలబడితే ఆ శిఖరాలను చూస్తూ ఎవరికైనా పరుగు మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను.

దారులు అనేక రకాలు. గ్రూచాల్ప్ నుంచి వింటరెగ్ మీదుగా మ్యూరెన్‌కు రైలు పట్టాల వెంబడి సాగే దారి వెడల్పుగా, పెద్దగా ఎగుడుదిగుడులు లేకుండా ఉంటుంది. కొత్తగా వచ్చినవారు మొదటి రోజు దాని మీద పరుగెత్తడమే మంచిది. లోయ అడుగున లౌటర్‌బ్రున్నెన్ నుంచి ష్టెకెల్‌బెర్గ్ వరకు నది పక్కన ఉన్న దారి ఇంకా తేలిక. ఊరికి పైన 1,907 మీటర్ల ఎత్తున ఆల్మెండ్‌హూబెల్ ఉంది. అక్కడి నుంచి బ్లూమెంటాల్ పచ్చికల మీదుగా, షిల్ట్‌ఆల్ప్ చుట్టి తిరిగి ఊళ్లోకి దించే దారిని నార్త్‌ఫేస్ ట్రెయిల్ అంటారు. మన బృందాలు ఎక్కువగా కనిపించేది ఈ దారి మీదే. దక్షిణంగా గిమ్మెల్‌వాల్డ్ అనే ఇంకా చిన్న పల్లె, దాని వెనుక సెఫినెన్ లోయ, ఆ పైన 2,612 మీటర్ల ఎత్తున సెఫినెన్‌ఫుర్గె కనుమ ఉన్నాయి. ఈ చివరిదాన్ని చదునైన దారితో కలిపి ఒకే జాబితాలో, పక్కన కిలోమీటర్లు మాత్రమే వేసి, ఒక క్లబ్బు తన సభ్యులకు ఇచ్చిన కాగితాన్ని నేను కళ్లారా చూశాను. ఆ క్లబ్బు పేరు ఇక్కడ అనవసరం. ఆ కాగితంలో ఎత్తు అన్న మాటే లేదు.

నా మొదటి అభ్యర్థన ఇక్కడే ఉంది. కొండదారిని కిలోమీటర్లతో కొలవకండి. స్విట్జర్లాండ్‌లో కొండ నడకను లెక్కకట్టేవారు 100 మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరుగా తీసుకుని దూరానికి కలుపుతారు. యుంగ్‌ఫ్రావ్ మారథాన్‌నే తీసుకోండి. 1993 నుంచి జరుగుతున్న ఈ పోటీ ఇంటర్‌లాకెన్‌లో మొదలై, సగం దూరం దాదాపు చదునుగా సాగి, లౌటర్‌బ్రున్నెన్ దాటాక వెంగెన్ వైపు మెలికలు తిరిగే ఎక్కుడు అందుకుంటుంది. మొత్తం ఎక్కుడు 1,800 మీటర్ల పైమాటే కనుక, ఈ లెక్కన అది 42 కిలోమీటర్ల పోటీ కాదు, 60 కిలోమీటర్ల పోటీ. ఇన్ఫెర్నో హాఫ్ మారథాన్ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. లౌటర్‌బ్రున్నెన్ నుంచి మ్యూరెన్ మీదుగా 2,970 మీటర్ల షిల్ట్‌హార్న్ వరకు సాగే ఆ 21 కిలోమీటర్లలో ఎక్కుడే 2,175 మీటర్లు. అంటే 43 కిలోమీటర్ల శ్రమ. విశాఖ బీచ్ రోడ్డు మీద రెండు గంటల్లో హాఫ్ మారథాన్ ముగించే సభ్యుడు ‘హాఫ్’ అన్న పేరు చూసి నమోదు చేసుకుంటే, అతనికి ఈ లెక్క చెప్పాల్సిన బాధ్యత మీది. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద చేసే సాధన మంచిదే అయినా దీనికి చాలదు. గంటసేపు ఆగకుండా ఎక్కడం, ఆ తర్వాత గంటసేపు దిగడం శరీరానికి అలవాటు చేసే సాధన కనీసం మూడు నాలుగు నెలలు ఉండాలి.

దిగుడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన రన్నర్లు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. అలిపిరి మెట్లదారిన తిరుమల ఎక్కి, మళ్లీ కాలినడకనే దిగినవారికి తెలుసు: ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు తొడలు వణుకుతాయి, మర్నాడు మంచం దిగడం కష్టమవుతుంది. మ్యూరెన్ నుంచి లోయలోకి దిగే అడవి దారుల్లో మెట్లకు బదులు చెట్ల వేళ్లు, తడిసిన సున్నపురాళ్లు ఉంటాయి. వాన పడిన మర్నాడు ఆ రాళ్ల మీద అడుగు నిలవదు. పైకి పరుగెత్తి, కిందికి కేబుల్‌కారులో దిగడం ఇక్కడివాళ్లు కూడా చేసే పని. అందులో నామోషీ ఏమీ లేదని మీ సభ్యులకు చెప్పండి. చివరి కేబుల్‌కారు ఎన్ని గంటలకో బయల్దేరేముందే చూసుకోమని కూడా చెప్పండి.

ఇక దారి గుర్తులు. స్విట్జర్లాండ్‌లో నడకదారుల్లో చాలావాటికి పసుపు బోర్డులే. కానీ ఆ బోర్డు కొసలోను, దారిలో రాళ్ల మీద, చెట్ల మీద వేసిన రంగుల్లోను తేడా ఉంది. కేవలం పసుపు రంగుంటే మామూలు దారి. తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీ ఉంటే కొండదారి: అడుగు తడబడనివారు, ఎత్తులంటే కళ్లు తిరగనివారు, గట్టి పట్టున్న బూట్లు వేసుకున్నవారు మాత్రమే వెళ్లాలి. నీలి బోర్డు మీద తెలుపు-నీలం-తెలుపు పట్టీ ఉంటే అది పర్వతారోహణకు దగ్గర పని; రాళ్లను చేతులతో పట్టుకుని ఎక్కాల్సి రావచ్చు, మంచుపలకలు దాటాల్సి రావచ్చు. రన్నింగ్ బృందం దాని జోలికి పోకూడదు. బోర్డు మీద రాసిన సమయం ఆగకుండా నడిచేవారి లెక్క, చదునైన నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల వేగంతో కట్టినది. మనం పరుగెత్తుతాం కదా, సగం సమయంలో ముగుస్తుందని అనుకోవడం పసుపు దారి మీద నిజం కావచ్చు గానీ, ఎరుపు పట్టీ దారి మీద అలవాటు లేనివారికి ఆ బోర్డు సమయమే సరిపోదు.

ఈ దారుల వెనుక ఉన్న చరిత్ర కూడా మీ సభ్యులకు తెలియడం అవసరమని నా నమ్మకం. గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రోడ్లన్నీ మోటారు కార్ల పరమవుతుంటే నడిచేవారికి చోటు లేకుండా పోతోందన్న బాధతో 1934లో ఇక్కడ నడకదారుల సంఘం పుట్టింది. దేశమంతటా ఒకే రకం పసుపు బోర్డులు రావడానికి ఆ సంఘమే మూలం. 1979లో ఈ దేశ ప్రజలు ఓటేసి మరీ నడకదారుల రక్షణను తమ రాజ్యాంగంలో చేర్చుకున్నారు. దాని మీద వచ్చిన చట్టం ప్రకారం ఒక నడకదారిని మూసివేయవలసి వస్తే బదులుగా మరో దారి చూపాలి. దారి పొడవునా నడకకు పనికిరాని తారో కాంక్రీటో పరిచినా అదే వర్తిస్తుంది. నేడు ఇక్కడ సుమారు 65,000 కిలోమీటర్ల నడకదారులున్నాయి. వాటి మీద రంగు వెలిసిన గుర్తులను మళ్లీ దిద్దేది, వానకు కొట్టుకుపోయిన మెట్టును మళ్లీ పేర్చేది చాలాచోట్ల జీతం లేకుండా పనిచేసే స్థానికులే. ఒక దారి కోసం ఓటేసి రాజ్యాంగం మార్చుకున్న ప్రజలు, ఆ దారి మీద పక్కకు తొలగమని వెనక నుంచి అరిచేవారిని ఎలా చూస్తారో వేరే చెప్పనక్కర్లేదు. వారికి పరుగు మీద కోపం లేదు. ఎదురైన ప్రతివారినీ పలకరించి, ఇరుకుచోట ఆగి దారిచ్చే రన్నర్‌ను వాళ్లు ఎంతో ఆదరిస్తారు.

అన్నింటికన్నా ముఖ్యమైనది పశువుల విషయం. దీన్ని కాస్త వివరంగానే రాస్తాను. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు లోయలోని ఆవులు పైనున్న పచ్చికబయళ్లలో ఉంటాయి. బ్లూమెంటాల్, షిల్ట్‌ఆల్ప్ ప్రాంతమంతా అవే. నడకదారి సరిగ్గా వాటి మధ్య నుంచే వెళ్తుంది. దారికి అడ్డంగా సన్నని తీగ ఉంటుంది, అందులో విద్యుత్తు ప్రవహిస్తుంది. తీగ చివర ప్లాస్టిక్ పిడి, దాని లోపల స్ప్రింగు, కొసన కొక్కెం. పిడిని పట్టుకుని కొద్దిగా లాగితే కొక్కెం వదులవుతుంది. దాటాక మళ్లీ లాగి అదే రింగులో తగిలించాలి. పది సెకన్ల పని. కిందటి వేసవిలో ఆల్మెండ్‌హూబెల్ కింది వాలులో ఒక బృందం వరుసగా పరుగెత్తుకుంటూ వచ్చింది. ముందున్న మనిషి కొక్కెం తీశాడు, తన వెనకవాళ్లు పెడతారనుకున్నాడు. వెనకవాళ్లంతా తమ వెనకవాళ్లు పెడతారనుకున్నారు. ఆఖరున ఉన్న అమ్మాయి రొప్పుతూ నేల చూసుకుంటూ వెళ్లిపోయింది. తీగ గడ్డిలో పడి ఉంది. నేను కింది నుంచి అక్కడికి ఎక్కేసరికి ఏడెనిమిది ఆవులు ఆ సందులోంచి బయటకొచ్చి, ఇంకా కోయని గడ్డిమడిలోకి దిగాయి. వాటిని కాసే పెద్దావిడ చేతికర్రతో వచ్చింది. ఒక్కమాట కూడా అనలేదు. ఆ నిటారు వాలులో ఒక్కో ఆవునే పేరు పెట్టి పిలుస్తూ వెనక్కి మళ్లించడానికి ఆవిడకు, నాకు సాయంత్రం దాకా పట్టింది. అప్పటికి గడ్డి చాలామేర తొక్కుడు పడింది.

ఆ గడ్డి విలువేమిటో మనకు సులభంగా అర్థం కాదు. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ వరకు నేల మంచు కింద ఉంటుంది. ఆ ఆరునెలలు పశువులు తినేది వేసవిలో కోసి, ఎండబెట్టి, కొట్టాల్లో దాచిన గడ్డినే. గిమ్మెల్‌వాల్డ్ పరిసరాల్లో యంత్రం ఎక్కలేనంత నిటారు వాలుల్లో ఇప్పటికీ పొడుగు పిడి కొడవలితో చేత్తో కోస్తారు. పూలతో నిండి, నడుము దాకా ఎదిగిన ఆ పచ్చిక ఫొటోకు అందంగా ఉంటుందని దారి తప్పి లోపలికి పరుగెత్తడం, మన ఊళ్లో కోతకు వచ్చిన వరిచేలో దిగడంతో సమానమైన తప్పు. మెలికల దగ్గర అడ్డంగా తొక్కి దారి కలుపుకోవడం కూడా అలాంటిదే. ఆ చోట గడ్డి చచ్చి, వాననీరు కాలువ కట్టి, రెండేళ్లలో దారి కిందున్న మట్టి కొట్టుకుపోతుంది.

ఆవుల విషయంలోనే ఇంకొక మాట. ఆవు కనిపిస్తే దగ్గరికి వెళ్లి తాకి, ఆ చేతిని కళ్లకద్దుకోవడం మనలో చాలామందికి పుట్టుకతో వచ్చిన అలవాటు, గౌరవంతో చేసే పని. ఇక్కడ దయచేసి ఆ పని చేయకండి. ఈ ఆవులు వీధుల్లో మనుషుల మధ్య పెరిగినవి కావు. ముఖ్యంగా దూడలతో ఉన్న మంద తన దగ్గరికి పరుగెత్తుకొచ్చే మనిషిని శత్రువుగానే చూస్తుంది. 2014లో ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో కుక్కతో నడిచి వెళ్తున్న ఒక మహిళ దూడతల్లుల మంద చేతిలో ప్రాణాలు కోల్పోయింది. కాబట్టి మంద కనిపించగానే పరుగు ఆపాలి, నడవాలి, వీలైనంత ఎడంగా చుట్టి వెళ్లాలి, దూడకూ తల్లికీ మధ్య నుంచి వెళ్లకూడదు. ఆవు తల వంచి బుస కొడితే వీపు చూపకుండా మెల్లగా వెనక్కి జరగాలి. చెవుల్లో పాటలు పెట్టుకున్నవారికి గంటల చప్పుడు వినపడదు. అందుకని పచ్చికబయళ్లలో ఇయర్‌ఫోన్లు వద్దని మీరు నియమంగానే పెట్టండి.

బృందం పరిమాణం గురించి. పదిహేనుమంది ఒకేసారి ఇరుకుదారి మీద పరుగెత్తితే ఎదురొచ్చే ముసలి దంపతులు లోయ వైపు అంచుకు జరగవలసి వస్తోంది. దారి ఇచ్చేటప్పుడు కొండ వైపు నిలబడవలసింది వాళ్లు, అంచు వైపు జాగ్రత్తగా ఆగవలసింది మనం. నలుగురైదుగురికి మించకుండా విడదీసి, పావుగంట ఎడంతో పంపండి. ప్రతి చిన్న గుంపులోనూ పటం చదవగలిగినవారు ఒకరు ఉండాలి, ఆఖరున పరుగెత్తే మనిషి ఎవరో ముందే నిర్ణయించాలి; తీగ మూసే బాధ్యత ఆ మనిషిదే. స్పీకర్లో పాటలు పెట్టుకుని పరుగెత్తే పద్ధతిని ఇంట్లోనే వదిలి రమ్మనండి. 2024లో లౌటర్‌బ్రున్నెన్ గ్రామపాలకులు సందర్శకుల రద్దీని తట్టుకోలేక కార్లలో వచ్చేవారి నుంచి రుసుము వసూలు చేసే ఆలోచన కూడా చేశారు. లోయవాసుల ఓపిక ఏ స్థితిలో ఉందో అందులోనే తెలుస్తోంది.

వాతావరణం గురించి క్లుప్తంగా. జూన్ నెలాఖరు దాకా, కొన్నేళ్లలో జులైలో కూడా, ఉత్తరం వైపు తిరిగిన గాడుల్లో గట్టిపడిన మంచు మిగిలి ఉంటుంది. రన్నింగ్ షూలతో దాని మీద అడుగుపెడితే జారి ఎక్కడ ఆగుతారో చెప్పలేం. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మెరుపులతో వానలు ఉన్నట్టుండి వస్తాయి. అందుచేత తెల్లవారుజామున బయల్దేరి, మధ్యాహ్నానికల్లా ఎత్తైన చోట్ల నుంచి దిగిపోవాలి. కింద లోయలో చెమట పడుతున్నా ప్రతి ఒక్కరి వీపు సంచిలో వానకోటు, పొడుగు చేతుల ఉన్ని చొక్కా, నీళ్లు, తినడానికేదైనా, ఛార్జింగ్ ఉన్న ఫోను ఉండాలి. స్విస్ ప్రభుత్వ పటాల యాప్ స్విస్‌టోపో ఉచితం. మూసివేసిన దారులు కూడా అందులో కనిపిస్తాయి. ప్రభుత్వ వాతావరణ శాఖ యాప్ మీటియోస్విస్ కూడా అంతే. ఈ రెండూ విమానం ఎక్కేముందే ఫోన్లలో ఉండేలా చూడండి.

ప్రమాదం జరిగితే పిలవవలసిన నంబరు 1414. అది ప్రమాదంలో ఉన్నవారిని హెలికాప్టర్లతో కాపాడే రేగా అనే సంస్థది. 1952 నుంచి పనిచేస్తోంది. 112 కూడా పనిచేస్తుంది. హెలికాప్టరు వచ్చిందంటే వేల ఫ్రాంకుల బిల్లు కూడా వస్తుంది. మన దేశంలో అమ్మే ప్రయాణ బీమా పాలసీల్లో కొన్ని కొండల్లో జరిగే రక్షణ చర్యలను, ‘సాహస క్రీడల’ను మినహాయిస్తాయి. ప్రతి సభ్యుని పాలసీలో ఆ నిబంధనను మీరే చదివి చూడాలి; చిన్న అక్షరాలు చదివే ఓపిక అందరికీ ఉండదు.

మీలో చాలామంది జీతభత్యాలు లేకుండా, ఉదయం నాలుగున్నరకే లేచి, నలుగురికి ఆరోగ్యం నేర్పాలన్న తపనతో ఈ క్లబ్బులు నడుపుతున్నారని నాకు తెలుసు. అందుకే ఈ మాటలు మీకు రాస్తున్నాను. యాత్రలు అమ్ముకునే ఏజెంట్లకు రాయలేదు. వచ్చే వేసవి యాత్రకు నమోదు మొదలుపెట్టే ముందు మీ పత్రంలో దూరం పక్కన ఎక్కుడు, దిగుడు మీటర్లలో రాయండి. దారి గుర్తు రంగు ఏదో రాయండి. ఎక్కుడు సాధన పూర్తి చేయనివారిని ఎరుపు పట్టీ దారుల మీదకు పంపకండి. వాళ్లకు వింటరెగ్ దారి, నది పక్కన దారి ఉన్నాయి, అవేమీ తక్కువ అందమైనవి కావు. బయల్దేరే ముందు ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి తీగ కొక్కెం ఎలా తీసి పెట్టాలో, మంద ఎదురైతే ఏం చేయాలో చెప్పండి. ఒక పాత సైకిల్ స్ప్రింగు, తాడు ముక్క ఉంటే చేసి చూపించవచ్చు కూడా.

కనీసం ఒక పగలు పరుగు మానేసి ఊళ్లో గడపమనండి. గిమ్మెల్‌వాల్డ్‌లో కొన్ని ఇళ్ల ముందు జున్ను అమ్మకానికి పెడతారు. ఆ ఆవులవే, ఆ పచ్చికదే. కొనుక్కుని, ఆ అమ్మిన మనిషితో రెండు మాటలు మాట్లాడమనండి.

మీ ప్రణాళికలు ఖరారయ్యే ముందు దారుల ఎంపికలో ఎవరికైనా సందేహముంటే, ఇక్కడున్న తెలుగు రన్నర్లం పటాలు ముందు పెట్టుకుని మీతో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పని మొదలుపెడితే సాధనకు వ్యవధి చిక్కుతుంది.

ఇట్లు,
బెర్న్ కాంటన్‌లో నివసిస్తున్న ఒక తెలుగు రన్నర్